బుచ్చన్న మేస్త్రీని దాచిన గది

దమ్మామ్‌లో టైల్స్ పని చేసే తెలంగాణ వాళ్ళలో ఎవర్నడిగినా బుచ్చన్న మేస్త్రీ పేరు చెప్పేవాళ్ళు. జగిత్యాల వైపు మనిషి. సంతకం పెట్టడానికి పావుగంట పట్టేది కానీ, నేల పరచడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. గదంతా పరిచాక బూట్లు విప్పేసి, వట్టి కాళ్ళతో ఆ మూల నుంచి ఈ మూలకు నడిచి చూసుకునేవాడు. రెండు టైల్స్ మధ్య గోరంత ఎత్తుపల్లం ఉన్నా ఆయన అరికాలికి తెలిసిపోయేది. తెలిసిందా, అక్కడే చతికిలబడి దాన్ని పీకి మళ్ళీ పరిచేవాడు. చేతిలో మట్టం చూసే లెవెల్ ఉండగా ఈ వేషాలెందుకని ఫోర్‌మన్ లాల్ అహ్మద్ తిట్టేవాడు. లాల్ అహ్మద్ పెషావర్ మనిషి. పొద్దున లేస్తే ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే ఆయనకు చాయ్ దిగేది కాదు.

ఎన్ని తిట్లు పడ్డా బుచ్చన్న నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. గదిలో వంట వంతు ఎప్పుడూ ఎగ్గొట్టలేదు, ఎవడి చెప్పులూ తొడుక్కుపోలేదు, ఎవడి ఫోనూ వినలేదు. క్యాంపులో ఇంతకన్నా మంచితనం ఉంటుందని నేననుకోను.

ఆ గదిలోనే, ఆయన పై మంచం మీద, భూమేష్ ఉండేవాడు. బుచ్చన్న భార్య దేవవ్వకు సొంత తమ్ముడు. భూమేష్‌కు వీసా తెప్పించింది బావ, పని నేర్పింది బావ, మొదటి ఏడు ఇంటి మీద బెంగతో అన్నం మానేస్తే బతిమాలి ముద్దలు తినిపించిందీ బావే. బావామరుదుల వరస గనక పగలంతా ఒకర్నొకరు ఆటపట్టించుకునేవాళ్ళు. లోపల మాత్రం భూమేష్‌కు బావంటే తండ్రి తర్వాత తండ్రి.

ఆ రోజుల్లో సౌదీలో గాలి మారిపోయింది. ఎంతమంది సౌదీలకు కొలువిచ్చారన్న దాన్ని బట్టి సర్కారు కంపెనీలకు రంగులు కట్టింది. దాన్ని నితాఖత్ అన్నారు. పచ్చరంగు కంపెనీ బతికింది. ఎర్రరంగులో పడ్డదానికి పనివాళ్ళ ఇకామాలు, ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. అది చాలదన్నట్టు, బయటి దేశం నుంచి వచ్చిన ప్రతి పనివాడికీ కంపెనీ నెలనెలా లెవీ కట్టాలన్నారు. ఇక మేనేజర్ల, అక్కడి మాటలో ముదీర్ల, కళ్ళకు మనుషులు మనుషుల్లా కనపడలేదు. ముందు వయసు మళ్ళినవాళ్ళకు ఖురూజ్ కొట్టారు, అంటే వీసా ముగించి శాశ్వతంగా ఇంటికి తోలారు. ఆ తర్వాత జబ్బు మనుషుల మీద పడ్డారు. నాలుగు రోజులు జ్వరమని పడుకున్నవాడికి అయిదో రోజు పాస్‌పోర్టు చేతిలో పెట్టేవాళ్ళు. దాంతో మా వాళ్ళ క్యాంపులో జలుబు చేయడం కూడా ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే బుచ్చన్న కాళ్ళలో నొప్పి మొదలైంది. పిక్కల్లో మెరుపు కొట్టినట్టు వచ్చి, మాట్లాడుతున్నవాణ్ణి మధ్యలో ఆపేసి, మళ్ళీ అంతలోనే పోయేది. వాతం అనుకున్నారు. బామ్ రాసుకుని, ఊరి నుంచి తెచ్చుకున్న కషాయం తాగి, పనికి పోయేవాడు.

ఒకరోజు ఒక స్కూలు బిల్డింగులో పని పూర్తయి, అలవాటు ప్రకారం బుచ్చన్న వట్టి కాళ్ళతో నేల మీద నడిచి, "మంచిగొచ్చింది" అన్నాడు. వెనకే తనూ వట్టి కాళ్ళతో వస్తున్న భూమేష్ బొటనవేలు ఒక టైల్ అంచుకు కొట్టుకుని గోరు లేచింది.

"బావా, ఇది చూడు. ఇంత లేచింది."

"ఏడ?" అన్నాడు బుచ్చన్న. దాని మీదే నిలబడి ఉన్నాడు. "నాకైతే ఏం తాకుతలేదు."

భూమేష్ నవ్వేశాడు. ముసలోనివైనవు బావా అని ఎగతాళి చేసి, వంగి ఆ వరసంతా తనే పీకి పరిచాడు. అదే మొదలు. ఆ తర్వాత ఎన్ని గదుల్లో బావ తప్పులు అలా దిద్దాడో లెక్కలేదు.

ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నాడంటే బుచ్చన్న ముందుకు తూలేవాడు. నడుస్తుంటే కాలు ఎక్కడ పడుతుందో తనకే తెలియనట్టు ఎత్తెత్తి వేసేవాడు. చాటుగా సారా తాగుతున్నాడేమోనని గదిలోవాళ్ళు నోరు వాసన చూశారు. ఏమీ లేదు. ఆ మధ్యే సెలవు మీద ఇంటికి పోయొచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకు మనిషి మాటే మారింది. ముదీర్ తనను పార్ట్‌నర్‌గా పెట్టుకున్నాడని, గదిలో అందరికీ మేడలు కట్టిస్తానని చెప్పేవాడు. మొదట్లో అందరూ పడీ పడీ నవ్వారు. మా వాటా మేడకు రంగేం వేయిస్తవని అడిగి మరీ నవ్వారు. ఒక శుక్రవారం, గదిలో పెద్దవాడైన పీరయ్య ఉప్పు ఎక్కువైందని ఒక్క మాట అన్నందుకు బుచ్చన్న లేచి అతని తల్లిని తిట్టి, కూర గిన్నె గోడకేసి కొట్టాడు. అన్నేళ్ళలో ఆయన నోట ఎవరూ బూతు వినలేదు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

బుచ్చన్న స్నానానికి పోగానే మిగతావాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు.

"టెన్షన్‌ల తల తిరిగింది," అన్నాడు పీరయ్య, తిట్టు తిన్న మనిషి. "దవాఖానకు తీస్కపోతే ఆఫీసుకు ఎర్కైతది. ఎర్కైతే ఖురూజే. ఇన్నేండ్ల సర్వీసు పైసల లెక్క తెగకుండ ఉత్తచేతులతోని తోలుతరు. నాలుగు నెలలు మనమే దాచుదాం. దానంతట అదే తగ్గుతది."

భూమేష్ వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడమేమిటి, పీరయ్య కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు.

దాచడం మొదలుపెట్టాక దానికో పద్ధతి ఏర్పడింది. బస్సులో పేరు పిలిచినప్పుడు బుచ్చన్న కన్నా ముందే పీరయ్య పలికేవాడు. సైటులో బుచ్చన్నను ఒక మూలకు గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, చేతిలో తాపీ పెట్టేవాళ్ళు. లాల్ అహ్మద్ వచ్చి, "బుచ్చన్నా కిధర్ హై?" అని అరిస్తే, మూలల కటింగ్ చేస్తున్నాడని చూపించేవాళ్ళు. ఆయన వంతు పని భూమేష్ చేసేవాడు. తన వంతు గదిలోవాళ్ళు పంచుకునేవాళ్ళు. బట్టలు ఉతికారు, గడ్డం గీశారు, తిట్లు తిన్నారు. కంటికి రెప్పలా చూసుకున్నారంటే ఏదో మాటవరసకు అన్నమాట కాదు. నాలుగు నెలలన్నది ఏడాది దాటింది.

ఒళ్ళు హూనమైనా భూమేష్‌కు లోలోపల గర్వంగా ఉండేది. అక్క ఫోన్ చేస్తే, "బావ మంచిగున్నడు, పనిల ఉన్నడు" అనేవాడు. ఆ అబద్ధం చెప్పిన ప్రతిసారీ బావ రుణం కొంచెం తీరుతున్నట్టు ఉండేది అతనికి. పాపం, నిజంగానే అలా అనుకున్నాడు.

ఒక మధ్యాహ్నం సైటు బాత్‌రూమ్‌లో బుచ్చన్న ముఖం కడుక్కుంటూ పడి, సిమెంటు గట్టుకు తల పగిలింది. ఈసారి దాచడానికి వీల్లేకపోయింది. లాల్ అహ్మదే తన పికప్‌లో వేసుకుని పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయాడు. దారి పొడుగునా తిడుతూనే, తన తలగుడ్డ విప్పి గాయానికి అదిమి పట్టుకున్నాడు.

కుట్లు వేసిన డ్యూటీ డాక్టరు ఈ మనిషి మాటలు విని, ఇలా ఎన్నాళ్ళ నుంచని అడిగించాడు. భూమేష్ నోటికి నిజం రాలేదు. నిజం చెప్పే అలవాటు తప్పి ఏడాదైంది.

"వారం రోజులసంది. అంతకుముందు మంచిగనే ఉండె."

వారం రోజులే అంటే డాక్టర్లు వారం రోజుల జబ్బునే వెతుకుతారు. తలకు స్కాన్ తీశారు, రక్తం గడ్డ లేదన్నారు. షుగరు చూశారు, జ్వరం చూశారు. చివరికి దెబ్బ వల్ల, మనాది వల్ల మనసు చెదిరిందని, కాస్త తేరుకోగానే పంపించేద్దామని అనుకున్నారు. ఈలోగా కబురు కంపెనీ ఆఫీసుకు చేరనే చేరింది. జిలానీ అనే గుమాస్తా వచ్చి వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. చెడ్డవాడేం కాదు, హైదరాబాదు మనిషే. డిశ్చార్జి కాగానే బుచ్చన్నను నేరుగా ఎయిర్‌పోర్టుకు చేర్చమని పైనుంచి చెప్పారు.

ఆ పొద్దున రౌండ్లకు వచ్చిన సూడానీ డాక్టరు, నరాల డాక్టరు, బుచ్చన్న దగ్గర చాలాసేపు ఆగాడు. కంట్లో టార్చి వేశాడు. వెలుగు పడ్డా కంటిపాప చిన్నదవలేదు. వేలు ముక్కు దగ్గరకు తెచ్చి చూడమన్నాడు, అప్పుడు చిన్నదైంది. మోకాలి మీద సుత్తితో కొట్టాడు, కాలు కదల్లేదు. నిలబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. బుచ్చన్న మొదలు నరికిన చెట్టులా ఒరిగిపోతే తనే పట్టుకున్నాడు. తర్వాత పక్కనున్న నర్సుతో ఏదో అన్నాడు.

ఆ నర్సు పేరు జ్ఞానమణి. భీమవరం దగ్గర ఊరు. ఆవిడ భూమేష్‌ను బయటకు రమ్మని, జిలానీకి వినపడనంత దూరం, వరండా చివరిదాకా తీసుకుపోయింది.

"తమ్ముడూ, డాక్టరుగారు ఒక మాట అడగమన్నారండి. ఈ లక్షణాలు వారంలో వచ్చేవి కావంట. ఆ కళ్ళూ కాళ్ళూ అలా అవ్వడానికి చాన్నాళ్ళు పడుతుందంట. నిజం చెప్పు. ఎప్పట్నుంచి?"

"చెప్పిన గద సిస్టరమ్మా. వారం."

ఆవిడ కోప్పడలేదు. "మా ఆయన్నీ పిల్లల్నీ పోయినేడు ఇంటికి పంపేశాను," అంది. "ఫ్యామిలీకి లెవీ పెట్టాక కట్టలేకపోయాం. మా చిన్నదానికి పాలపళ్ళు ఊడుతున్నాయి, ఫోన్లో చూస్తన్నాను. కాబట్టి నీ భయం ఏంటో నాకు చెప్పక్కర్లేదు. కానీ నువ్వు వారమంటే, రేపు ఈయన్ని తలకి దెబ్బ తగిలిందని రాసి పంపేస్తారు. అక్కడెవరికీ ఏ జబ్బో తెలీదు. ఇక ఎప్పటికీ తెలీదు."

భూమేష్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. పిక్కల నొప్పి, ఎత్తుపల్లం తెలియని అరికాలు, మేడలు, కూర గిన్నె, గోడవైపు తిప్పి కూర్చోబెట్టడం, అన్నీ. ఏడుస్తూ చెప్పాడు. జ్ఞానమణి మధ్యలో ఆపకుండా విని, లోపలికి పోయి డాక్టరుకు చెప్పింది. డిశ్చార్జి ఆగిపోయింది. జిలానీని మళ్ళీ కబురు పంపేదాకా రావద్దన్నారు.

రక్తం తీశారు. ఫలితం వచ్చాక వెన్నులోంచి నీళ్ళు తీయాలన్నారు. వెన్నులో సూది గుచ్చితే కాళ్ళు పడిపోతాయని క్యాంపులో ప్రతివాడికీ తెలుసు, ఒక్క డాక్టర్లకు తప్ప. పీరయ్య ఫోన్లో వద్దే వద్దన్నాడు. భూమేష్ కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఇప్పటికే దాచి ఇంత చేశానన్న అనుమానం అప్పుడప్పుడే లోపల తొలుస్తోంది. సంతకం పెట్టాడు.

జబ్బు బయటపడింది. సిఫిలిస్. మన దగ్గర సుఖరోగమంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ వాణ్ణి పట్టుకుని తన్నాలి. ఎన్నో ఏళ్ళ కిందట ఒంట్లో చేరి, పుండు మాని, ఏమీ లేనట్టు పడుకుని, ఇప్పుడు నరాల్లోకీ మెదడులోకీ పాకిందని డాక్టరు చెప్పించాడు. వెన్నునీళ్ళలో అది స్పష్టంగా కనపడిందట.

ఎప్పుడు అంటుకుందో కనుక్కోవడానికి జ్ఞానమణి మెల్లగా, గౌరవంగానే అడిగింది. బుచ్చన్నలో ఉన్న సిగ్గును కూడా ఆ జబ్బే తినేసింది. వార్డంతా వినేలా నవ్వుతూ చెప్పాడు. మొదటిసారి సెలవు మీద ఇంటికి పోయి తిరిగొస్తుంటే బొంబాయిలో విమానం ఆలస్యమైందట. ఏజెంటు లాడ్జీలో ఉంచాడట. తోటివాళ్ళు పోదాం రా అన్నారట. ఇక్కడికొచ్చాక పుండు లేచిందట, నొప్పి లేదట. రక్తంలో ఏదైనా దొరికితే ఇంటికి తోలతారని డాక్టరు దగ్గరకు పోలేదట. "ఎవలకు జెప్పలే. దానంతట అదే మాయమైంది," అన్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. బామ్మర్ది ముందు చెప్పే మాటలా అవి? భూమేష్ తల దించుకుని మంచం కోడు వంక చూస్తూ కూర్చున్నాడు. బావ మీద కోపం రావాలనిపించింది. కోపం తెచ్చుకుందామంటే ఎదురుగా బావ లేడు, బావ ముఖం మాత్రమే ఉంది.

పెన్సిలిన్ మొదలుపెట్టారు. పగలూ రాత్రీ గంటల లెక్కన నరానికి ఎక్కించారు. భార్యకూ రక్తపరీక్ష చేయించాలని డాక్టరు చెబితే, భూమేష్ అక్కకు ఫోన్ చేసి, బావ తల పగిలిందని, డాక్టరు నిన్నూ రక్తం ఇచ్చి చూపించుకోమన్నాడని ఎలాగో నమిలి మింగి చెప్పాడు. బావ తల పగిలితే నా రక్తమెందుకని దేవవ్వ అడగలేదు. మర్నాడే జగిత్యాల పోయి ఇచ్చింది. ఆమెకు ఏమీ లేదని తేలింది. ఆ ఒక్క పూట భూమేష్ కడుపునిండా అన్నం తిన్నాడు.

రెండు వారాలు గడిచేసరికి పిక్కల నొప్పి తగ్గింది. కోపం పోయింది. బుచ్చన్న మళ్ళీ నెమ్మదస్తుడయ్యాడు. భూమేష్ కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూశాడు, ఇవాళ పేరు పెట్టి పిలుస్తాడు, రేపు ఎగతాళి చేస్తాడు అని. బుచ్చన్న అతణ్ణి చూసి నవ్వేవాడు, పెట్టింది తినేవాడు, నీకూ ఒక మేడ కట్టిస్తానని ఓదార్చేవాడు. అంతే.

ఆఖరి రోజు భూమేష్ డాక్టరుకు ఎదురుపోయి, జ్ఞానమణి చేత అడిగించాడు. మందు పూర్తయింది కదా, మనిషి ఎప్పటికి తిరిగొస్తాడు?

డాక్టరు చెప్పింది ఆవిడ తెలుగులో చెప్పింది. జబ్బు ఆగిపోయింది, ఇక ముందుకు పోదు. పోయింది మాత్రం రాదు.

"యాడాది కింద తెస్తే?" అన్నాడు భూమేష్.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అదంతా ఇప్పుడెందుకు తమ్ముడూ."

"అడుగు సిస్టరమ్మా. నీ కాళ్ళు మొక్కుత, అడుగు."

ఆవిడ అడిగింది. డాక్టరు భూమేష్ భుజం మీద చెయ్యి వేసి జవాబిచ్చాడు. ఆవిడ దాన్ని మార్చకుండా చెప్పింది, కళ్ళు తుడుచుకుంటూ.

"కాళ్ళు కొంచెం అలాగే ఉండేవేమో అంటన్నారు. బుర్ర చాలావరకు దక్కేదంట. పని చేసుకునేవాడంట."

భూమేష్ బావ మంచం దగ్గరకు వచ్చి, పక్కన కూర్చుని, అక్కకు ఫోన్ చేశాడు. జిలానీ వచ్చే వేళవుతోంది. ఇక ఏదీ మిగల్చకుండా చెప్పాడు. బొంబాయి సంగతి చెప్పాడు. జబ్బు పేరు చెప్పాడు. గదంతా కలిసి ఏడాది పాటు ఎలా దాచారో చెప్పాడు.

"నేనే చేసిన అక్కా. అందరికంటె ముందుగల్ల నాకే తెల్సు. మంచిగున్నడని నీతోని అబద్ధం జెప్పుకుంట, బావ పని నేను చేసుకుంట, బావను నేనే ఖరాబ్ చేసిన. అప్పుడే దవాఖానకు తెస్తే బావ మనకు దక్కుతుండె. నన్ను తిట్టక్కా. శాపనార్థాలు పెట్టు."

అవతల ఆమె కొంగు నోట్లో కుక్కుకున్నట్టుంది.

"నిన్నేమని తిట్టాలె తమ్మీ," అంది దేవవ్వ చివరికి. "పోయిన సెలవుల వచ్చినప్పుడే జూసిన నేను. కావ్యను పట్టుకొని మా అత్త పేరు పెట్టి పిలిచిండు. కన్న బిడ్డను. నల్ల కాడ పడితే, తాగిండని నేనే వాడకట్టుకు జెప్పిన. రాత్రిపూట లేచి, ఇది ఎవల ఇల్లు అని అడుగుతుండె. నీకు జెప్పుదామనుకున్న. జెప్తె కంపెనోళ్ళు మళ్ళ రానియ్యరని, జనం పిచ్చోడంటరని, బట్టలు సదిరి, నేనే చెయ్యి పట్టుకపోయి బస్సు ఎక్కిచ్చిన. ఆడ నువ్వున్నవ్ గదా, చూసుకుంటవనుకున్న."

ఇద్దరూ ఏడ్చారు. మంచం మీద కూర్చున్న బుచ్చన్న, ఎవరికేమైందో తెలియకపోయినా, బామ్మర్ది వీపు నిమిరాడు.

కాసేపటికి దేవవ్వ ముక్కు చీదుకుని గొంతు సరిచేసుకుంది. "తోలియ్యి తమ్మీ. ఎట్లున్నా తోలియ్యి. ఒక్కటి జెప్పు. నా పేరన్న యాదికున్నదా ఆయనకు?"

భూమేష్ బావ వైపు తిరిగాడు. "బావా, అక్క పేరేంది? నీ పెండ్లాం పేరు?"

బుచ్చన్న ఆలోచించాడు. నిజంగానే నుదురు చిట్లించి, పెదాలు కదిపి, ఎంతో కష్టపడి ఆలోచించాడు. తర్వాత ఆ కష్టం ముఖం మీంచి జారిపోయి, నవ్వు వచ్చింది. "ఆమెకు గూడ కట్టిస్త," అన్నాడు. "పెద్దది."

ఫోన్లో అక్క ఊపిరి వినపడుతోంది. ఎదురుచూస్తోంది. యాదికున్నదక్కా, మొన్ననే అడిగిండు అనడం భూమేష్‌కు ఎంతసేపు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"లేదక్కా," అన్నాడు భూమేష్. "యాదికి లేదు."